బ్యాంకాక్ వెళ్తున్న అమ్మణ్ణికి

కావలి

అమ్మణ్ణీ,

ఒంగోలు టూరు వాళ్లతో కలిసి చెన్నైలో బ్యాంకాక్ విమానం ఎక్కుతున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇళ్లల్లో సొంత జీతంతో విదేశం వెళ్తున్న మొదటి ఆడపిల్లవి. పొద్దున్నే పక్కింటికీ ఎదురింటికీ చెప్పొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్నవి ముందు చెప్తా. 2025 మే నుంచి థాయిలాండ్‌కి వెళ్లే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం, ఎవరికీ డబ్బు కట్టకు. రాజభవనానికి భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు వేసుకో. గేటు బయట ఆటోవాడు ‘ఈరోజు మూసేశారు’ అంటే నమ్మొద్దు. కూరగాయల వంటల్లో కూడా చేపల సాస్ పడుతుంది, అడిగి తిను. కందిపొడి నేను పంపుతా.

ఇప్పుడు నా సంగతి విను. 2009లో మీ పెద్దనాన్నా నేనూ రిటైరైన టీచర్లతో కలిసి వెళ్లాం. తెల్లారుజామున దిగితే విమానాశ్రయం పేరు సువర్ణభూమి! బండ్లు మనకు లాగే ఎడమ పక్కన పోతున్నాయి, అంత రద్దీలోనూ హారన్ మోత లేదు. ఒక పెద్ద రోడ్డు పేరు రామా ఫోర్. అక్కడి రాజులకు రాముడి పేరే బిరుదట. ఇదేం పరాయి ఊరు, మన ఊరిలాగే ఉందే అనుకున్నా. ఆ ధీమాయే కొంప ముంచింది.

రాజభవనంలో పచ్చ బుద్ధుడి గుడి చుట్టూ వసారా గోడల మీద 178 బొమ్మల్లో రామాయణం ఉంటుంది. వాళ్ల హనుమంతుడు తెల్లగా ఉంటాడు. మా నాయన చెప్పిన కథలన్నీ ఆ గోడ మీద వెతుక్కుంటూ నిలబడిపోయాను. తిరిగి చూస్తే మా టూరు వాళ్లందరం పెట్టుకున్న పసుప్పచ్చ టోపీలు దూరంగా కనిపించాయి. పరుగెత్తి వాళ్లను అందుకున్నా. బయట బస్సు దగ్గర ఒకావిడ వెనక్కి తిరిగితే ముఖం కొత్తది. అందరూ కొత్తవాళ్లే. ఏ దేశం వాళ్లో కూడా తెలియదు.

అక్కడే ఆగాల్సింది. ఆగలేదు. వెతుక్కుంటూ ఇంకో వీధిలోకి, అక్కడి నుంచి ఇంకో వీధిలోకి పోయాను. పాస్‌పోర్టు టూరు లీడర్ దగ్గర, డబ్బు మీ పెద్దనాన్న జేబులో, నా దగ్గర ఫోన్ లేదు. హోటల్ పేరు అడిగితే ఏం చెప్పను? ఏడో అంతస్తు, కింద ఈతకొలను, అంతే తెలుసు నాకు. పండ్లమ్మే ఒకావిడ నా ఏడుపు చూసి స్టూలు వేసి, కోసిన జామకాయ చేతిలో పెట్టింది. ఒక్క మాట అర్థం కాలేదు. ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు. రెండున్నర గంటల తర్వాత పోలీసతనితో మీ పెద్దనాన్న వచ్చారు. షుగర్ మనిషి, మధ్యాహ్నం తిండి లేదు, చొక్కా తడిసి ముద్దయింది. తిట్టలేదు. ‘పద, అన్నం తిందాం’ అన్నారు. ఆ సాయంత్రం హోటల్ కార్డు అడిగి తెచ్చి నా పర్సులో పెట్టారు. ఆయన పోయినా ఆ కార్డు తియ్యలేదు.

అందుకే చెప్తున్నా. హోటల్లో అడుగు పెట్టగానే థాయి లిపిలో అడ్రసున్న కార్డు తీసుకుని దగ్గర పెట్టుకో. అక్కడి డ్రైవర్లలో చాలామందికి ఇంగ్లీషు చదవడం రాదు. పాస్‌పోర్టు ఎవరికీ ఇచ్చి ఉంచకు. ఎక్కడికి పోయినా లోపలికి వెళ్లే ముందే ‘తప్పిపోతే ఇక్కడ కలుద్దాం’ అని చోటు అనుకోండి. టోపీలు కాదు, ముఖాలు గుర్తు పెట్టుకో. తప్పిపోయావా, ఉన్నచోటు నుంచి కదలొద్దు.

చాదస్తం అనుకుంటావేమో. నీకు నాలుగేళ్లప్పుడు నెల్లూరు రొట్టెల పండగలో, స్వర్ణాల చెరువు గట్టు మీద నీ చెయ్యి జారిపోయింది. పావుగంటకు దొరికావు. నీకు గుర్తుండదు. ఆ పావుగంట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

వచ్చేటప్పుడు విమానాశ్రయంలో క్షీరసాగర మథనం బొమ్మ ఉంటుంది, ఫోటో తియ్యి. దిగగానే ఫోన్ చెయ్యి. అక్కడ ఆరైతే మనకు నాలుగున్నర. పర్లేదు, లేచే ఉంటాను.

మీ పెద్దమ్మ