చిట్టీ, సాషికో మొదలుపెట్టే ముందు ఇది చదువు

చిట్టీ,

నీ మెసేజ్ చూశా. సాషికో, అదే జపాన్ వాళ్ళ చేతికుట్టు, దాని కిట్ లింక్ పంపి కొననా పెద్దమ్మా అన్నావ్ కదా, ఇప్పుడే కొనకు. మీ ఇంట్లో మీ అమ్మ పాత మంగళగిరి కాటన్ చీర ఒకటి, నాన్న లుంగీ ఒకటి ఉండే ఉంటాయి, నీకు అవి చాలు.

అసలు ఈ పని పెరిగిందే గుడ్డ దొరకని చోట. జపాన్‌లో బాగా ఉత్తరాన తోహోకు వైపు, అయోమోరి లాంటి చోట్ల చలికి పత్తి పండదు, అక్కడి రైతులు నార బట్టలే కట్టుకునేవాళ్ళు, వాటిలోంచి గాలి దూరేది, అందుకని ఆడవాళ్ళు రెండు మూడు పొరలు వేసి దగ్గర దగ్గరగా కుట్టేవాళ్ళు. కాటన్ అంటే దక్షిణం నుంచి ఓడల్లో వచ్చే పాత బట్టల ముక్కలే, అరచేయంత ముక్క దొరికినా దాచుకునేవాళ్ళు. అలా అతుకు మీద అతుకు పడిన బట్టల్నే ఇప్పుడు బొరో అంటున్నారు, అంటే పేలికలు. తనాకా చూజబురో అనే ఆయన ఊరూరా తిరిగి వాటిని సేకరించాడు కాబట్టి మనకి ఇవాళ తెలుస్తోంది. అందులో బొదొకో అని ఒకటుంది, ఇంట్లో పెద్దవాళ్ళ పాత బట్టల ముక్కలన్నీ కలిపి కుట్టిన గుడ్డ, కాన్పు దాని మీదే అయ్యేది. నువ్వు పుట్టినప్పుడు నిన్ను మీ అమ్మమ్మ పాత చీరలోనే చుట్టాం, అందుకే ఆ బొదొకో గురించి విన్నరోజు నాకు చాలాసేపు మాట రాలేదు.

సరే పనిలోకి వద్దాం. ముక్కల్ని ముందు ఉతికి ఆరబెట్టి ఇస్త్రీ చెయ్యి, ఇది మాత్రం మర్చిపోకు, నేను జపాన్‌లో ఉన్నప్పుడు మొదటిసారి ఉతకని కొత్త ముక్క పాత గుడ్డ మీద వేసి నెల రోజులు కుట్టా, ఒక్క ఉతుకుకి ముక్క ముడుచుకుపోయి కింద గుడ్డంతా ముడతలు పడింది. సాగే గుడ్డ, సిల్కు, మందం జీన్స్ రెండు పొరలు ఇవన్నీ తర్వాత చూద్దువుగాని. దారం సాషికోది దొరక్కపోతే పెర్ల్ కాటన్ 8వ నంబర్ తీసుకో, సూది పొడుగ్గా, బెజ్జం పెద్దగా ఉండాలి. దారం మూరన్నర మించి తియ్యకు, గుడ్డలోంచి వెళ్ళి వెళ్ళి నూగులేచి బలం పోతుంది.

కుట్టు అంటావా, మన బొంత కుట్టే, ముందుకి దూర్చుకుంటూ పోవడమే. కాకపోతే ఒక్కో కుట్టుకీ సూది లాగకూడదు, సూది కదలకుండా పట్టుకుని గుడ్డనే పైకీ కిందకీ ఆడిస్తూ 5, 6 కుట్లు సూది మీదకి ఎక్కించి అప్పుడు లాగాలి, అప్పుడే లైను తిన్నగా వస్తుంది. పైన కనిపించే కుట్టు మూడొంతులైతే కింద దూరం రెండొంతులు, అంగుళానికి 5, 6 కుట్లు పడితే చాలు. కొలిచి చావక్కర్లేదు, ఒకేలా ఉంటే చాలు.

లాగాక ఇంకో పనుంది, అందరూ వదిలేసేది అదే. కుట్టిన వరసని మొదటి నుంచి చివరిదాకా బొటనవేలితో మెల్లగా సవరిస్తూ గుడ్డని చదును చెయ్యాలి, దారం సర్దుకుని వదులవుతుంది. జపాన్ వాళ్ళు దీన్ని ఇతొకొకి అంటారు. పక్కింటి పెద్దావిడ నాకు మొదటి వారమంతా ఇదే చేయించింది, నాకేమో డిజైన్లు నేర్పదేంటా అని ఆత్రం, కానీ ఇది రాకపోతే ఎంత మంచి డిజైనైనా ముడతలే. మూల తిరిగే చోట వెనకవైపు కొంచెం దారం లూజుగా వదులు. ముడి వెయ్యకు, మొదట్లోనూ చివర్లోనూ ఉన్న కుట్ల మీదే రెండు మూడు కుట్లు వెనక్కి వచ్చి కత్తిరించెయ్, అంతే.

అసనోహా అనే నక్షత్రంలాంటి ఆకు డిజైను, అలల డిజైను చూసి మురిసిపోతున్నావని తెలుసు. అవి తర్వాత. మొదట తిన్నని గీతలు, ఆ తర్వాత అడ్డం నిలువు కలిపి ప్లస్ గుర్తులు, అదొచ్చాక అసనోహా. అయోమోరిలోనే త్సుగరు అనే ప్రాంతం వాళ్ళ కొగిన్ అనే కుట్టు అయితే పోగులు లెక్కపెట్టి కుట్టాలి, దాని జోలికి ఇప్పట్లో వెళ్ళకు.

ముక్క అంచుల్ని లోపలికి మడిచి కుట్టొచ్చు, పోగులు ఊడుతున్నట్టే వదిలెయ్యొచ్చు, బొరోలో రెండూ కనిపిస్తాయి, నాకైతే రోజూ వాడే గుడ్డకి మడవడమే మంచిదనిపిస్తుంది. దారం మాత్రం గుడ్డ రంగులో కలిసిపోయేది తీసుకోకు, నీలం గుడ్డ మీద తెల్లదారమే వెయ్యి, నీ కుట్టు ఎలా పడుతోందో నీకు కనపడాలి.

జానెడు ముక్క అయ్యాక ఫోటో పంపు, ముందు వైపుది కాదు, వెనక వైపుది.

మీ పెద్దమ్మ