అమ్మాయి ఫోరెన్సిక్ తీసుకుంటానంటోంది, ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ మూడో ఏడాది. ఈమధ్య కాలేజీలో పోస్టుమార్టం చూసొచ్చినప్పటి నుంచి పీజీలో ఫోరెన్సిక్ మెడిసినే చేస్తానంటోంది. ఇంత చదివించింది శవాలు కోయడానికా అని వాళ్ల నాన్న మాట్లాడటం మానేశారు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది అవుతుందేమోనని నా టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందుగా వాళ్ల నాన్నగారికి ఒక మాట చెప్పండి. అమ్మాయి పీజీలో ఏం చదవాలనుకున్నా, ఎంబీబీఎస్ కాగానే ప్రభుత్వ సర్వీసులో చేరితే పోస్టుమార్టం చేయక తప్పకపోవచ్చు. ఏరియా ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఫోరెన్సిక్ ఎండీలు ఉండరు. పోలీసులు శవ పంచనామా కాగితాలు తెస్తారు, డ్యూటీలో ఉన్న డాక్టరే చేయాలి. కొన్నేళ్లకు ఆ కేసులోనే కోర్టు సమన్లు వస్తాయి. అప్పటికి ఆ డాక్టరు వేరే ఊళ్లో ఎముకల వైద్యం చేసుకుంటున్నా సరే, వచ్చి బోనెక్కాల్సిందే.

అసలు ఈ పనిలో కత్తి కంటే కలానిదే ఎక్కువ పాత్ర. పురుగుల మందు తాగి చనిపోయారని అనుమానం ఉన్న కేసునే తీసుకోండి. పొట్ట, అందులో ఉన్నది, చిన్నపేగు ముక్క, కాలేయం, కిడ్నీల్లో కొంత భాగం తీసి సీసాల్లో పెట్టి, ఉప్పు కరగడం ఆగేంత చిక్కటి ఉప్పునీళ్లు పోస్తారు. మూత బిగించి, లక్కతో సీలేసి, లేబుల్ అంటించి, పోలీసు సంతకం తీసుకుని ఇస్తే ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్తాయి. ఉప్పునీళ్ల బదులు అలవాటుగా ఫార్మలిన్ (అవయవాలు చెడకుండా వాడే రసాయనం) పోశారా, ల్యాబ్‌లో విషం పట్టుకోవడం కష్టమైపోతుంది. సీసా మీద నంబరు తప్పు పడిందా, డిఫెన్స్ లాయరు వదలడు.

పెళ్లయిన ఏడేళ్లలోపు కోడలు ఉరికి వేలాడుతూ కనిపించిందంటే తహసీల్దారు వచ్చి పంచనామా చేస్తారు. పోస్టుమార్టం చేసే డాక్టరు మెడ మీది గుర్తును కొలుస్తారు. అది గొంతుకు పైన, ఏటవాలుగా చెవి వెనక్కి పోయిందా? లేక కిందుగా, మెడ చుట్టూ అడ్డంగా తిరిగిందా? మొదటిది ఎక్కువగా ఉరిలో కనిపిస్తుంది, రెండోదైతే తాడుతో బిగించారేమోనన్న అనుమానం వస్తుంది. ఆ ఒక్కదాంతోనే తేల్చరు గానీ, రిపోర్టులో ఆ రెండు లైన్లు ఎలా రాశారన్నది రెండు కుటుంబాలకూ ముఖ్యమే. అన్నీ చూశాక కూడా కారణం తేలకపోతే ‘తేలలేదు’ అని రాసే ధైర్యం కావాలి. మీ అమ్మాయిలో నేను చూడమనేది ఆ గుణాన్నే. శవాన్ని చూసి కళ్లు తిరగకపోతే చాలదు.

పైగా వీళ్ల దగ్గరకొచ్చే వాళ్లంతా చనిపోయినవాళ్లు కారు. కొట్లాట గాయాలు చూడాలి, ఎక్స్‌రేలు, పళ్లు చూసి వయసు చెప్పాలి.

రాత్రిపూట మార్చురీలో ఆడపిల్ల ఒక్కతే అన్న బెంగ వద్దు. మొదటి నుంచీ ఇది పగటి పనే. 2021 నవంబరులో కేంద్రం, వసతులున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా చేయొచ్చంది గానీ, హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శవాల కేసులను శాంతిభద్రతల సమస్య వస్తే తప్ప రాత్రి ముట్టుకోవద్దంది. కాన్పుల డాక్టరుకు అర్ధరాత్రి వచ్చే ఫోన్లతో పోలిస్తే ఈ కోడలు ఇంట్లోనే ఎక్కువ ఉంటుంది. సంబంధాలవాళ్లకు ఆ మాట చెప్పండి!

డబ్బు సంగతి దాచను. బోర్డు కట్టుకుని ప్రాక్టీసు పెట్టడానికి ఉండదు, ఉద్యోగాలు ఎక్కువగా మెడికల్ కాలేజీల్లోనే. 2023లో మన దగ్గర విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఐదు ప్రభుత్వ కాలేజీలు మొదలయ్యాయి. ఏ మెడికల్ కాలేజీకైనా ఈ విభాగం ఉండి తీరాలి. ఇది మూడేళ్ల ఎండీ, సీటుకు నీట్ పీజీలో పెద్ద ర్యాంకు అక్కర్లేదు. చిక్కు అక్కడే ఉంది. ర్యాంకు రాక ఇందులో చేరి, మనసు పెట్టలేక మళ్లీ నీట్ రాసినవాళ్లు నా దగ్గరకు వస్తుంటారు. మీ అమ్మాయి ఇష్టపడి అడుగుతోంది, అది వేరు.

అమెరికా ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పమనండి. అక్కడ దారి వేరు: అక్కడి డాక్టరు లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ రాసి, పాథాలజీలో రెసిడెన్సీ (మన పీజీ లాంటి శిక్షణ) చేసి, ఆపైన ఏడాది ఫోరెన్సిక్ ఫెలోషిప్ చేయాలి. ఇక్కడి ఎండీ దానికి బదులు కాదు.

ఒక్క పోస్టుమార్టం చూసి నిర్ణయం తీసుకోవద్దని మాత్రం చెప్పండి. విభాగం హెడ్ (హెచ్‌ఓడీ) అనుమతితో ఇంకో పది చూడమనండి. అందులో కుళ్లిన శవం, చిన్నపిల్లల కేసు కూడా ఉంటే మంచిది. ప్రతిదానికీ సొంతంగా రిపోర్టు రాసుకుని, సార్ చేత దిద్దించుకోవాలి. మాస్కు, గ్లోవ్స్ విషయంలో మొహమాటం వద్దు, మార్చురీలో టీబీ అంటుకునే ప్రమాదం నిజంగానే ఉంది. డాక్టరు సాక్ష్యం ఉన్న రోజు చూసుకుని ఒక పూట సెషన్స్ కోర్టులో వెనక బెంచీలో కూర్చోమనండి. నాన్నగారిని కూడా తోడు పంపండి.