సిగ్నిఫికెంట్ అంటే "ముఖ్యమైన" అనేనా? ఇంపార్టెంట్‌కి బదులు ఎక్కడైనా వాడొచ్చా?

వాడకూడదు. కోచింగ్ సెంటర్లలో ఇంపార్టెంట్, సిగ్నిఫికెంట్, వైటల్, క్రూషియల్ అన్నీ ఒకే వరుసలో రాయించి, అన్నిటికీ "ముఖ్యమైన" అని బట్టీ పట్టిస్తారు. ఆ జాబితా వల్ల మా ఇంట్లో ఒక రాత్రి ఎవరికీ నిద్ర లేదు.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. నాయనకు కడుపునొప్పి వస్తూ పోతూ ఉంటే కర్నూలు తీసుకుపోయి స్కాన్ తీయించాను. రిపోర్టు చేతికొచ్చేసరికి చీకటి పడింది, డాక్టరు వెళ్లిపోయారు. అడుగున ఒకటే లైను: నో సిగ్నిఫికెంట్ అబ్నార్మాలిటీ. ఏం రాసినారురా అని నాయన అడిగితే, నేను నేర్చుకున్న అర్థమే చెప్పాను. "ముఖ్యమైన లోపం ఏమీ లేదంట నాయనా."

"ముఖ్యమైంది లేదంటే, ముఖ్యం కానిది ఏదో ఉన్నట్టే గదరా" అన్నాడు.

ఆ రాత్రి మా అత్త ఇంట్లో సంగటి పెడితే ముద్ద కూడా తినలేదు. మిద్దె మీద పడుకుని, బుడ్డల పంటకు తెచ్చిన అప్పు ఎంత మిగిలిందో, ఎవరికి ఎంత ఇవ్వాలో నాకు ఒక్కొక్కటే అప్పజెప్పాడు. వింటూ ఉంటే నాకు చేతులు చల్లబడ్డాయి.

పొద్దున డాక్టరు రిపోర్టు చూసి, "ఈ వయసులో చిన్న చిన్న తేడాలు ఉంటాయి పెద్దాయనా, లెక్కలోకి తీసుకునేంతది ఏదీ లేదు" అన్నారు. నాయన నా వైపు తిరిగి, "ఈ మాట రాత్రే చెప్పింటే తినేవాణ్ణి గదరా" అన్నాడు.

లెక్కలోకి తీసుకునేంత. నన్నడిగితే అదే అసలు అర్థం. ఆ మాటకు మూలం లాటిన్‌లో సిగ్నమ్, అంటే గుర్తు. మనకు "గుర్తించదగ్గ", "చెప్పుకోదగ్గ" అనే చక్కటి మాటలు ఉండనే ఉన్నాయి. సిగ్నిఫికెంట్ రెయిన్‌ఫాల్ అంటే చెప్పుకోదగ్గ వాన. ఎవరైనా సిగ్నిఫికెంట్‌గా చూశారంటే మాత్రం, ఆ చూపులో ఏదో అర్థం ఉందని. ఇంటర్ ఫిజిక్స్‌లో సిగ్నిఫికెంట్ ఫిగర్స్‌ని సార్థక సంఖ్యలు అన్నారు, ఎంత బాగుందో చూడండి. 0.0050లో అవి రెండే, 5, చివరి సున్నా; ముందున్న సున్నాలు లెక్కలోకి రావు.

స్టాటిస్టిక్స్‌లో అయితే దీనికి ముఖ్యంతో సంబంధమే లేదు. రెండు రకాల వేరుశనగ వేసి చూస్తే దిగుబడిలో తేడా సిగ్నిఫికెంట్ అని వచ్చిందనుకోండి. రకాల మధ్య నిజంగా తేడా లేకపోతే, ఊరికే కలిసొచ్చి ఇంత తేడా కనిపించడం అరుదు అని మాత్రమే దానర్థం. అరుదు అంటే 20లో ఒక వంతు కంటే తక్కువ అవకాశం అనే హద్దును 1925లో ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చాడు. ఎకరాకు పది కిలోల తేడా కూడా ఆ హద్దు దాటొచ్చు. విత్తనానికి ఎక్కువ డబ్బు పెట్టే రైతుకు పది కిలోలు ఏ మూలకు?

ఇంకొకటి. స్కాన్‌కు వేలు తీసుకునేవాళ్లు రిపోర్టు అడుగున ఒక్క తెలుగు ముక్క రాయలేరా? "భయపడాల్సిందేమీ కనిపించలేదు" అని రాస్తే ఎంత ఇంకు ఖర్చవుతుంది?