కంప్యూటర్ సందేహాలు: నాలుగు యంత్రాలు, ఒకటే మెమరీ

ప్రశ్న: ల్యాబ్‌లో నాలుగు లినక్స్ కంప్యూటర్లను 100 మెగాబిట్ల స్విచ్‌కి కలిపి, అన్నిటికీ మెమరీ ఒకటే అన్నట్టు పనిచేసే ప్రోగ్రాం రాశాం. ఒక్కోటీ తన కౌంటరునే పెంచుతుంది, పక్కదాని జోలికి పోదు. అయినా ఒకే కంప్యూటర్ మీద నడిపినదానికంటే వందల రెట్లు నెమ్మది. కోడ్ జతచేశాం.
విద్యార్థులు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: కౌంటర్లు వేరే, పేజీ ఒకటే. పేజీ అంటే ఆపరేటింగ్ సిస్టం మెమరీని పంచే ముక్క, మీ కంప్యూటర్లలో 4096 బైట్లు. నలుగురు గుమస్తాలు ఒకే ఖాతా పుస్తకంలో తలో గడీ నింపుతుంటే, గడులు వేరైనా పుస్తకం చేతులు మారాల్సిందే కదా. మీ కోడ్‌లో కౌంటర్ల మధ్య ఎడం 8 బైట్లే. రాయబోయిన కంప్యూటర్‌కి అనుమతి లేక పేజీ ఫాల్ట్ (ఆ పేజీ వాడలేవని ఆపే అడ్డు) వస్తుంది. అప్పుడు నడిచేలా మీరు రాసిన సిగ్‌సెగ్వీ హ్యాండ్లర్ ఆ పేజీ ఎవరి దగ్గరుందో వాళ్లని అడుగుతుంది, మిగతా కాపీలు రద్దవుతాయి, ఆపైన 4096 బైట్లూ తీగ మీద కదులుతాయి. మీ స్విచ్‌లో పేజీ దాటడానికే 328 మైక్రోసెకన్లు. అడగడం, రద్దుచేయడం లెక్కలో వేయకపోయినా పేజీ సెకనుకి 3,000 సార్లకు మించి చేతులు మారలేదు. గిగాబిట్ స్విచ్ కొంటే ఆ ప్రయాణం పదో వంతవుతుంది, జబ్బు మాత్రం పోదు.

ఉమ్మడి ప్రాంతంలో కౌంటర్లను 0, 4096, 8192, 12288 ఆఫ్‌సెట్ల (మొదటినుంచి అన్ని బైట్ల దూరం) దగ్గర, అంటే తలో పేజీలో పెట్టండి. కొంత మెమరీ వృథా అవుతుంది, కానివ్వండి. తర్వాతెప్పుడైనా రాస్ప్‌బెరీ పై 5 అనే చిన్న కంప్యూటర్ కలిపితే జాగ్రత్త: దాని మామూలు కెర్నెల్‌లో పేజీ 16384 బైట్లు. ప్రతి యంత్రంలో పేజీ పరిమాణం చెప్పే గెట్‌కాన్ఫ్ పేజ్‌సైజ్ ఆదేశం కొట్టి, అన్నిటికన్నా పెద్ద పేజీ ప్రకారం ఎడం ఇవ్వండి. ఇంతకంటే మేలైన దారి, లోకల్ వేరియబుల్‌లో కూడుకుంటూ వెయ్యిసార్లకోసారి ఉమ్మడి కౌంటర్‌లో కలపడం. ఇలాగే పలు కంప్యూటర్లకి ఉమ్మడి మెమరీ చూపే రైస్ యూనివర్సిటీవాళ్ల ట్రెడ్‌మార్క్స్‌లో రాసేముందు పేజీకి నకలు తీసిపెట్టి, తర్వాత మారిన బైట్లే పంపేవారు. అందుకే ఒకే పేజీలో ఇద్దరు రాసినా పేచీ లేదు. మీ ప్రాజెక్టుకి అంత అక్కర్లేదు.

ప్రశ్న: ఒక కంప్యూటర్ శ్రేణి (అర్రే) నింపి, 'సిద్ధం' అనే జెండాని (సంకేతంగా వాడే వేరియబుల్‌ని) 1 చేసి, రెండు మార్పుల్నీ యూడీపీలో (చేరిందో లేదో చూడకుండా సందేశం పంపే పద్ధతి) పంపుతుంది. రెండోది జెండా 1 అయ్యాకే చదివినా ఒక్కోసారి పాత విలువలే వస్తున్నాయి. వొలటైల్ (విలువని ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కి చెప్పే మాట) పెట్టినా అంతే.
పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: వొలటైల్ కట్టడి చేసేది కంపైలర్‌ని, నెట్‌వర్క్‌ని కాదు. శ్రేణి ఒక పేజీలో, జెండా మరో పేజీలో ఉన్నాయి. మీరు రసీదు కోసం ఆగడం లేదు కాబట్టి జెండా ముందు చేరిపోతోంది. మీరు ఆశిస్తున్నది కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1979లో నిర్వచించిన సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ: అందరి రాతలూ చదువులూ ఏదో ఒకే వరుసలో జరిగినట్టుండాలి, అందులో ఎవరి ప్రోగ్రాం క్రమమూ చెడకూడదు. అది కావాలంటే ప్రతి రాత తర్వాతా కాపీ ఉన్నవాళ్లందరి రసీదులూ వచ్చేదాకా ఆగాలి. ఖరీదైన బేరం. అందుకని శ్రేణినీ జెండానీ ఒకే లాక్ (ఒకసారికి ఒక్కరే పట్టుకోగల తాళం) కింద పెట్టండి. లాక్ వదిలేటప్పుడు మార్పులన్నీ పంపి, రసీదులు అందాకే పక్కవాళ్లకి ఇవ్వాలి. రిలీజ్ కన్సిస్టెన్సీ అంటే ఇదే. చదివేవైపు కూడా లాక్ తీసుకోవాలి. చాలామంది మరిచేది ఇక్కడే.

యూడీపీ కూడా మానండి. రద్దు సందేశం ఒక్కటి దారిలో పోయినా పాత కాపీ చప్పుడు లేకుండా అలాగే ఉండిపోతుంది. రసీదు చూసుకుని, పోయినవి మళ్లీ పంపే టీసీపీకి మారాక ఒక్కో మార్పుకి సుమారు 40 మిల్లీసెకన్లు పడుతుంటే కంగారుపడకండి. చిన్న సందేశాల్ని ఆపిపెట్టే నేగుల్ పద్ధతీ, అవతల ఆలస్యంగా వచ్చే రసీదూ ఒకదానికోసం ఒకటి కాచుక్కూర్చున్నాయన్నమాట. సాకెట్‌కి నేగుల్ పద్ధతిని ఆపే టీసీపీ_నోడిలే ఆప్షన్ పెడితే తీరుతుంది.