బరువైనవారు జిమ్ మానేయకుండా ఉండాలంటే

ప్రశ్న: మా ఊళ్లో చిన్న జిమ్ నడుపుతున్నానండీ. 110, 120 కిలోలున్నవారు చేరి వారానికే మానేస్తున్నారు. ఏం మార్చాలి?

జవాబు: ముందు మీ ట్రైనర్లు "ఇంత లావెలా అయ్యారు?" అని అడగడం మాన్పించండి. ఆ ఒక్క మాటకే మనసు విరిగిపోతుంది. ట్రెడ్‌మిల్, బెంచీల మీద రాసి ఉండే గరిష్ఠ బరువు చూడండి. బెంచీకైతే మనిషి బరువుకు ఎత్తే బరువూ కలపాలి. సన్నటి సైకిల్ సీటు ఒరుసుకుని నొప్పెడుతుంది, వీపు ఆనించుకునే సైకిల్ ఒకటైనా కొనండి. మొదటిరోజే పరుగెత్తిస్తే మోకాళ్లు పట్టేస్తాయి. 10 నిమిషాల నడక, గోడకు పుషప్‌లు, 50 సెంటీమీటర్ల ఎత్తు బల్లపై కూర్చుని లేవడం 8 సార్లు చొప్పున రెండు విడతలు చాలు. ఆయాసపడుతున్నా మాట్లాడగలగాలి. నేలమీద పడుకుని చేసేవి తర్వాత చూడొచ్చు. పైకి లేవడమే వాళ్లకు పెద్ద ఇబ్బంది. బీపీ, షుగర్ ఉంటే డాక్టర్ని అడిగి రమ్మనండి. తూకం వాళ్లు కోరితేనే, అదీ పక్కగదిలో.