హెబ్రీ ఆరో అధ్యాయం చెప్పబోయే తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. ఉపవాస కూడికల్లో హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం చెప్పమన్నారని, ఒకసారి రక్షణ పొందిన విశ్వాసికి అది పోతుందా పోదా అన్నది ఈసారి తేల్చేస్తానని రాశావు. ఆ తొందరే నన్ను భయపెట్టింది.

ముప్పై ఏళ్ల వయసులో నేనూ తేల్చేశాను. నాలుగు నుంచి ఆరు వచనాలు తీసుకుని, తప్పిపోయినవారిని మరల నూతనపరచుట అసాధ్యమని గంటసేపు గొంతు చించుకున్నాను. ఆ తర్వాత ఒక పెద్దావిడ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు బల్ల దగ్గరకు రావడం మానేశారు. ఒంట్లో బాగుండక కాబోలు అనుకున్నాను. రెండేళ్లకు ఆమె కోడలు అసలు సంగతి చెప్పింది. భర్త పోయిన కొత్తలో ఆమె దుఃఖం పట్టలేక దేవుణ్ణి తిట్టారట, కొన్నాళ్లు ప్రార్థన మానేశారట. ఇక తనకు దారి మూసుకుపోయిందని నా ప్రసంగం విని నిశ్చయించుకున్నారు. నేను ఎవరికి తగలాలని ఆ మాటలు అన్నానో, ఆ వడ్డీ వ్యాపారి మాత్రం 'బాగా చెప్పారు అయ్యగారూ' అని చేయి కలిపి వెళ్లాడు.

ఆరో వచనం దగ్గర ఆగిపోవడమే నేను చేసిన తప్పు. తొమ్మిదో వచనంలో ఆ రచయిత గొంతు మారుతుంది. 'ప్రియులారా' అని పిలిచి, మీ విషయంలో ఇంతకంటే మంచిదే నమ్ముతున్నామంటాడు. పంతొమ్మిదికి వచ్చేసరికి నిరీక్షణను ఆత్మకు లంగరుతో పోలుస్తాడు. ఆమె ఇంటికి వెళ్లి అధ్యాయం మొత్తం చదివి, క్షమించమని అడిగాను. ఆమె మళ్లీ బల్ల దగ్గరకు రావడానికి మరో మూడు నెలలు పట్టింది. నువ్వు మాత్రం చివరిదైన ఇరవయ్యో వచనం చదవకుండా కూర్చోకు.

మీ సంఘం నమ్మేది దాచకుండా చెప్పు. అయితే తక్కినవాళ్లు బైబిలే తెరవలేదన్నట్లు మాట్లాడకు. గుంటూరు వైపు లూథరన్లు, నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. వాళ్లతోపాటు వాళ్ల జవాబులూ వచ్చాయి. పెళ్లి సంబంధాలు కలిసేసరికి అవన్నీ ఒకే వంటింట్లో చేరాయి. నేను బాప్టిస్టును, మా ఆవిడ పుట్టిల్లు లూథరన్. ఒకసారి నీతిమంతులైనవారు పరిశుద్ధాత్మను పోగొట్టుకోలేరన్న బోధను 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ఖండిస్తుంది. పడినవారు ఎప్పుడు తిరిగివచ్చినా క్షమాపణ ఉందని అదే చోట చెబుతుంది. ఈ రెండో సగం మా అత్తగారు చెబితే గాని నాకు తెలియలేదు! 1618-19లో నెదర్లాండ్స్ పట్టణం డోర్ట్‌లో కూడిన సభ, దేవుడు ఎన్నుకున్నవారు ఘోరంగా పడవచ్చు గాని పూర్తిగా నశించరని తీర్మానించింది. మెథడిస్టుల నాయకుడు జాన్ వెస్లీ రక్షణను పోగొట్టుకోవచ్చనే బోధించాడు. నాకు బాగా నచ్చేది 1610 నాటి మాట. డచ్ బోధకుడు ఆర్మీనియస్ అనుచరులు తమ ఐదు అంశాలు రాస్తూ, విశ్వాసి వెనక్కి పోగలడా అన్న చోట, లేఖనాలను ఇంకా పరిశీలించాలని ఒప్పుకున్నారు. వాదంలో ఒక పక్షాన నిలబడి కూడా అలా అనగలిగారు.

నా మొగ్గు యోహాను 10:28 వైపు: 'ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు.' కానీ బాప్తిస్మం తీసుకున్నాను కాబట్టి ఎలా బతికినా ఫరవాలేదనేవాడికి ఆ వచనం ఇవ్వను. డోర్ట్ పెద్దలూ ఇవ్వలేదు. అలాంటివాడు, తెలిసి కావాలని పాపం చేసేవారిని హెచ్చరించే హెబ్రీ 10:26 దగ్గర కాసేపు కూర్చోవాలి.

ఎవరైనా పక్కకు పిలిచి రక్షణ పోతుందా అని అడిగితే జవాబు చెప్పకముందే, 'ఎవరి గురించి అడుగుతున్నారమ్మా?' అను. చాలాసార్లు అది చర్చికి రావడం మానేసిన కొడుకు గురించే అయి ఉంటుంది. ఆ తల్లికి డోర్ట్ అక్కర్లేదు. పేతురు తనను ఎరగనని బొంకకముందే, అతని నమ్మిక తప్పిపోకుండా యేసు వేడుకున్నాడని లూకా 22:32 చదివి వినిపించు. ఆ అబ్బాయి పేరు అడిగి రాసుకో. మరిచిపోకుండా ప్రార్థించు.

కూడిక కాగానే పెద్దలతో భోజనానికి వెళ్లిపోకు. చెప్పుల దగ్గర ఊరికే ఆలస్యం చేస్తూ ఒకరిద్దరు నిలబడి ఉంటారు. వాళ్లు వెళ్లేదాకా అక్కడే ఉండు.

ప్రేమతో,
నీ అన్న