చైనీస్ అక్షరాలు నిలవకపోవడానికి పిల్లల మెదడు నిర్మాణమే కారణమా?

మీ అమ్మాయికి ఎనిమిదేళ్ళని, ఇంగ్లీషు ధారాళంగా చదువుతున్నా చైనీస్ అక్షరాలు మాత్రం వారం తిరిగేసరికి మరిచిపోతోందని, ట్యూషన్ చెప్పేవారు "ఈ పాప మెదడు చైనీస్‌కు తగినది కాదు" అని తేల్చేశారని, అది నిజమేనా అని అడిగారు. మా అబ్బాయి సింగపూర్‌లో ప్రాథమిక తరగతులు ఆరేళ్ళూ చైనీస్ చదివాడు కాబట్టి ఆ మాట మాకూ కొత్త కాదు. చైనీస్‌కు తగని మెదడంటూ ఏదీ లేదు. ఆ లిపి మెదడును వాడుకునే తీరు వేరు, అందులోకి దారి కంటి కంటే చేతి గుండా ఎక్కువ ఉందని నా గట్టి నమ్మకం.

ఇక్కడి బడుల్లో మాతృభాష కింద తమిళం, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ దొరుకుతాయి గాని తెలుగు దొరకదు. ఎలాగూ పరాయి భాషే చదవాలన్నప్పుడు చుట్టుపక్కల వినబడేదే చదవనిద్దామని మావారు చైనీస్ ఎంచుకున్నారు. రెండో తరగతిలో ప్రతి వారం జరిగే టింగ్‌షియె, అంటే టీచరు పలికితే పిల్లలు రాసే పరీక్ష, మా ఇంట్లో శోకానికి కారణమైంది. ఒకసారి "తాయ్‌యాంగ్" అని సూర్యుణ్ణి రాయమన్నారు. చేతులు చాచి నిలబడిన మనిషిలా ఉండే అక్షరం "దా", అంటే పెద్ద. దాని కాళ్ళ మధ్య చుక్క పెడితే "తాయ్". అదే చుక్క కుడి భుజం పైన పెడితే "చువాన్", అంటే కుక్క. మావాడు చుక్కను భుజం మీద పెట్టాడు. సూర్యుడి బదులు కుక్క ఉదయించింది. పదికి మూడు మార్కులు, ప్రతి తప్పునూ ఇరవై సార్లు రాయమన్న ఎర్ర సిరా.

వాడు ఇరవై సార్లూ రాశాడు, ఇరవై సార్లూ పైనున్న వరుసను చూసి బొమ్మ గీసినట్టే గీశాడు, మర్నాటికి మళ్ళీ మరిచిపోయాడు. ఆ రోజుల్లో మా అత్తగారు కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ చేటలో పోసుకుని ఏరుతున్న బియ్యంలో వాడు వేలితో "తాయ్" రాస్తూ కూర్చున్నాడు. బియ్యం ఒలుకుతున్నాయని ఆవిడ కసిరి చేట కదిపేవారు, అక్షరం చెరిగిపోయేది, వాడు మళ్ళీ మొదటి నుంచి రాసేవాడు. చూసి రాయడానికి అక్కడ పై వరుస లేదు కాబట్టి అడ్డగీత, ఎడమకు జారే గీత, కుడికి జారే గీత, చివరకు చుక్క, అంతా వాడి చేతి నుంచే రావలసి వచ్చింది. ఆ తరువాతి వారాల్లో మార్కులు ఆరుకు, ఏడుకు చేరాయి. అదేమీ అద్భుతం కాదు గాని, మా ఇంట్లో ఏడుపు తగ్గింది.

ఆ తరువాతే నేను దీని గురించి చదవడం మొదలుపెట్టాను. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది, చైనీస్, జపనీస్ లిపుల్లో ఉండదనే భ్రమను 1982లో హెరాల్డ్ స్టీవెన్‌సన్ బృందం జపాన్, తైవాన్, అమెరికా పిల్లలను పోల్చి పోగొట్టింది. హాంగ్‌కాంగ్‌కు చెందిన సియోక్ వై టింగ్, టాన్ లీ హై బృందం 2004లో, మళ్ళీ 2008లో, చైనీస్ చదవలేక ఇబ్బందిపడే పిల్లల మెదడులో ఎడమవైపు ముందరి భాగపు మధ్య మడత తక్కువగా పనిచేస్తోందని, అక్కడ నాడీకణాలు గుమిగూడి ఉండే బూడిదరంగు పదార్థం (గ్రే మ్యాటర్) కూడా తక్కువగా ఉందని చూపింది. ఇంగ్లీషు విషయంలో ఎక్కువగా చెప్పేది ఎడమ చెవి వెనక వైపు ప్రాంతాల గురించి. ఆ మధ్య మడత, చేతి కదలికలను నడిపే ప్రాంతానికి కాస్త ముందే ఉంటుంది. చైనీస్ చదువు రాతపై ఆధారపడి ఉంటుందని 2005లో అదే బృందం రాసినప్పుడు నాకు బియ్యం చేటే గుర్తొచ్చింది. రెండు భాషల డిస్లెక్సియాలోనూ మెదడులో కనిపించే తేడా చాలావరకు ఒకటేనని 2010లో మరో బృందం వాదించింది; మా ఇంట్లో చూసిన దాని ముందు ఆ వాదన నాకు రుచించలేదు.

అయితే "నిర్మాణం" అన్న మాట విని భయపడకండి. బూడిదరంగు పదార్థం తక్కువగా ఉండటం వల్ల పిల్ల చదవలేకపోతోందా, చదవకపోవడం వల్ల అది తక్కువగా ఉందా అన్నది ఒక్క స్కాన్ చెప్పదు. కొలంబియాలో అడవుల నుంచి బయటికి వచ్చిన మాజీ గెరిల్లాలు పెద్దయ్యాక చదువు నేర్చుకుంటే, నేర్చుకోని వారితో పోల్చినప్పుడు వారి మెదడులో కొన్నిచోట్ల బూడిదరంగు పదార్థం ఎక్కువగా ఉందని 2009లో ప్రచురించారు. పాతికేళ్ళవాడి మెదడే చదువుకు అలా లొంగితే ఎనిమిదేళ్ళ పిల్ల మాట చెప్పాలా? ఇక చైనీస్ కుడి మెదడు భాష అని ప్రకటించుకుని, కుడి మెదడు వ్యాయామాలకు వేరే ఫీజు తీసుకునే శిక్షణ కేంద్రాల జోలికి మాత్రం వెళ్ళకండి. చైనీస్ చదివేటప్పుడు కుడివైపు దృష్టి ప్రాంతాలు కొంత ఎక్కువ కదులుతాయి గాని, ప్రధానమైన పని ఎడమవైపే జరుగుతుంది.

నా అసలు బాధ వేరే ఉంది. మావాడు నాలుగో తరగతికి వచ్చేసరికి వాళ్ళ బడిలో ఇంటిపనిని టాబ్లెట్‌కు మార్చారు. పిన్‌యిన్‌లో, అంటే చైనీస్ ఉచ్చారణను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతిలో, "తాయ్" అని కొడితే వరుసగా అక్షరాలు కనిపిస్తాయి, సరైనదాన్ని వేలితో నొక్కితే చాలు. రెండు నెలల్లో వాడు సంపాదించుకున్నదంతా కరిగిపోయింది. పిన్‌యిన్ టైపింగ్ ఎక్కువగా వాడే పిల్లల చదువు మార్కులు తక్కువగా ఉన్నాయని టాన్ బృందమే 2013లో ప్రకటించింది. ఆ సంగతి తల్లిదండ్రుల సమావేశంలో చెబితే, కాలంతో పాటు మారాలని నాకే హితబోధ చేశారు. తెలుగులో వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే ఎదురైన ప్రతి మాటనూ కూడబలుక్కోవచ్చు. చైనాలో తొమ్మిదేళ్ళ నిర్బంధ విద్యలో 3,500 అక్షరాలను గుర్తుపట్టాలని పాఠ్య ప్రణాళిక చెబుతుంది. వాటిని చేతికి ఎక్కించకుండా ఒక్క కంటికే అప్పగించడం పిల్లలకు అన్యాయం.

మీ అమ్మాయి టింగ్‌షియె కాగితాలు ఒక పది ముందేసుకుని తప్పులు ఏ రకమో చూడండి. గీతో చుక్కో తప్పుతోందా, లేక అదే శబ్దం ఉన్న వేరే అక్షరం రాస్తోందా? మొదటిదైతే చూడకుండా రాయించండి, బియ్యంలోనైనా, గాలిలోనైనా. రెండోదైతే అక్షరాన్ని ముక్కలుగా చెప్పండి: "మా" అంటే అమ్మ, అందులో ఎడమవైపు స్త్రీ, కుడివైపు "మా" అనే శబ్దాన్నిచ్చే గుర్రం. ఆరు నెలలకూ మార్పు లేకపోతే ట్యూషన్ వారి తీర్పు పక్కన పెట్టి, చైనీస్‌లోనే పరీక్షించగల సైకాలజిస్టు దగ్గరికి తీసుకువెళ్ళండి. ఇంగ్లీషు పరీక్ష ఒక్కటే చేసి "అంతా బాగుంది" అని మమ్మల్ని ఒకసారి తిప్పి పంపారు.